అవతలి గట్టు గేజి

ఉదయం 7.10. రెండు రాష్ట్రాల మధ్య మురుగు కాలువ. గేటు దగ్గర గుర్రపుడెక్క కింద శవం.

చనిపోయింది ఇవతలి రాష్ట్రం లస్కరు. గేటు కాపలా, నీటిమట్టం రాయడం అతని పని. తల వెనక దెబ్బ. గుప్పిట్లో గేటు తాళంచెవి.

గేటుకి రెండు తాళాలు. ఒకటి మనది, ఒకటి వాళ్లది. రెండూ తీస్తేనే గేటు లేస్తుంది. మూడు రోజులుగా లేవలేదు. అవతలి పొలాలు మునిగి కుళ్లుతున్నాయి.

"వాడే సార్!" ఇవతలి ఇంజనీరు అవతలి లస్కరు వైపు వేలు చూపాడు. "నిన్న సాయంత్రం గేటు తెరవమని కొట్టుకున్నంత పని చేశాడు. ఆ రాష్ట్రం వాళ్లంతా ఇంతే. బేడీలు వెయ్యండి."

చనిపోయినవాడి భార్య దోసెడు మట్టి తీసి అవతలి లస్కరు మీద కొట్టింది. "అన్నయ్యా అని అన్నం పెట్టానే! నీ నోట్లో మన్నుపడ!"

ఇన్‌స్పెక్టర్ తొందరపడలేదు. డిపార్ట్‌మెంటులో అతని పేరు నత్త.

"మట్టం రాసే వేళ, ఆరింటికి ఎక్కడున్నావ్?" అవతలి లస్కరుని అడిగాడు.

"ఇక్కడే సార్. మట్టం రాసుకున్నా. గేటు పక్కన బావ గదికి తాళం. కేకేశా, పలకలేదు. అలిగాడనుకున్నా."

"మీరు?"

"వరద కంట్రోల్ రూమ్. నలభై నిమిషాల దారి," అన్నాడు ఇంజనీరు. "సరిగ్గా ఆరింటికి సంతకం పెట్టా. అప్పటికి మావాడు బతికే ఉన్నాడు. లాగ్‌బుక్ చూడండి."

"ఆ గదికి తాళంచెవులెన్ని?"

"రెండు. వాడిదొకటి, నాదొకటి."

గది తెరిచారు. లాగ్‌బుక్‌లో చివరి వరస: 6.00, మట్టం 1.80. అవతలి లస్కరు పుస్తకంలోనూ అంతే. 6.00, 1.80.

"చూశారా, సరిపోయింది!" ఇంజనీరు చంకలు గుద్దుకున్నాడు.

నత్త రెండు పుస్తకాల పాత పేజీలూ తిప్పాడు. ఒక్కొక్కటే. ఇంజనీరుకి ఒళ్లు మండింది.

"వాన లేదు, నీరు కదల్లేదు. ఇప్పటి మట్టం మీరే రాయండి సార్," అన్నాడు నత్త.

ఇంజనీరు విసుగ్గా వంగాడు. కాళ్ల దగ్గర నీళ్లలో ఉన్న గేజి కొలబద్ద చూసి రాశాడు. 1.80.

భార్య ఏడుపు ఆగిపోయింది. "అది తప్పు."

"ఏది తల్లీ?"

"మా ఆయన మన గేజి చూడనే చూడడు. అవతలి గట్టుది చూసి రాస్తాడు. అన్నయ్య మనది చూసి రాస్తాడు. ఎవరిది వాళ్లు చదివితే దొంగలెక్క రాస్తారని రెండు ప్రభుత్వాలూ పెట్టిన రూలు. ఆయనకి జ్వరమొస్తే నేనే రాసేదాన్ని."

అవతలి గేజి మీద 2.10. సున్నా ఎక్కడ పెట్టాలో తేలక రెండు శాఖలూ చెరోచోట పెట్టుకున్నాయి. మన పెద్దల తెలివి అలాంటిది!

"మొదటి పేజీ నుంచీ రెండు పుస్తకాలకీ ముప్పై సెంటీమీటర్ల తేడా," అన్నాడు నత్త. "ఇవాళ ఒక్కరోజే కలిశాయి. ఇది రాసింది లస్కరు కాదు. ఏ లస్కరూ ఈ తప్పు చెయ్యడు. గేటు మొహం చూడని మనిషి. గది తాళంచెవి ఉన్న మనిషి. ఆరింటికి ఇతను బతికుంటేనే తను బయటపడే మనిషి."

ఇంజనీరు కారు వైపు ఒక అడుగు వేశాడు.

"ఐదుంపావుకి అతను గేటుకున్న తన తాళం తియ్యబోయాడు. మీరు తోశారు. ఆరింటి రీడింగు ముందే రాసి, గదికి తాళం వేసి, ఐదూ ఇరవైకల్లా కారెక్కారు. అప్పుడేగా ఆరింటికి అక్కడ సంతకం!"

"నా ఆర్డరు కాదంటాడా! వాళ్ల మురుగు మన నెత్తిన వదులుతానంటాడా! వద్దని ఎంత చెప్పినా..." చటుక్కున నోరు మూసుకున్నాడు. అప్పటికే కానిస్టేబుల్ చెయ్యి పట్టుకున్నాడు.

నత్త గేటు తాళంచెవి చనిపోయినవాడి భార్య చేతిలో పెట్టాడు. "పనయ్యాక ఇచ్చెయ్యి తల్లీ. సాక్ష్యం."

"అన్నయ్యా, మన్ను కొట్టాను..."

"దులిపేసుకున్నాలే చెల్లెమ్మా. కానీ గేటుకి ఆర్డరేది?"

"మా ఆయన పొద్దున్నే ఇచ్చాడుగా. తియ్యి."

రెండు తాళాలూ ఊడాయి. గేటు లేచింది.

8.20కి ఆమె లాగ్‌బుక్ తెరిచింది. కళ్లు తుడుచుకుని అవతలి గట్టు వైపు చూసి, 2.05 అని రాసింది.