తాబేలు ఎత్తిన కారు

లోకంలో మనుషులు రెండే రకాలని ఆమె నమ్మకం: కారుకు అందం తెచ్చేవాళ్లు, ఆ అందాన్ని గీకి పెట్టేవాళ్లు. షెడ్డులో కార్లను పైకెత్తే లిఫ్టు దగ్గర పనిచేసేవాళ్లందరినీ ఆమె ఏనాడో రెండో రకంలోకి తోసేసింది. కొత్తగా చేరినవాడికైతే ఆ వరసలో అగ్రతాంబూలమే ఇచ్చింది. అతని నెమ్మది చూసి తాబేలని పేరు పెట్టిందీ ఆమే.

ఆమె పెయింటరు. షెడ్డు బాబాయిది. తన అన్న కూతురి చేతిలో ఏదో మహిమ ఉందని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అది మహిమ కాదు, గరుకు కాగితంతో ఓపిగ్గా రుద్దడమని ఆమెకు తెలుసు. అయితే పొగడ్తను కూడా ఖండించేంత హేతువాదం ఆమెకింకా అబ్బలేదు.

ఆ రోజు లిఫ్టు మీదికి రావలసింది ఎర్ర స్పోర్ట్స్ కారు. ఎక్కడో ఒరుసుకుని వస్తే ఎడమ పక్క కింది అంచంతా ఆమే సరిచేసి రంగు వేసింది. ఇప్పుడు అడుగున ఆయిల్ కారుతోంది, పైకెత్తి చూడాలి. నేలకూ ఆ కారుకూ మధ్య దూరాలంటే పిల్లి కూడా ఆలోచించుకోవాలి. ఒక్క గీత పడినా లిఫ్టువాడు సాయంత్రానికి ఇంటికే అని బాబాయి ముందే తేల్చేశాడు.

అతను చక్రాల ముందు పల్చటి చెక్కలు పరిచి, కారును వాటి మీదికి మెల్లగా నడిపాడు. లిఫ్టు ఇనుప చేతులు కిందికి దూరేంత సందు దొరికింది. అప్పుడు ఉంగరం తీశాడు, గడియారం తీశాడు. చివరికి, బకిల్ గీసుకుంటుందని బెల్టు కూడా తీసి కిటికీలో పెట్టాడు. జారుతున్న ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో లిఫ్టు చేతుల మీది రబ్బరు దిమ్మెలు తుడవసాగాడు.

"కారు పైకి లేచేలోపు అది కిందికి వచ్చేలా ఉంది," అంది ఆమె.

"ఇది జారితే నా పరువొక్కటే పోతుంది మేడమ్. కారు జారితే ఇద్దరిదీ."

"నీకు పరువు కూడా ఉందా? ఎక్కడ పెట్టావ్, ఆ కిటికీలోనేనా?"

మెకానిక్కులు పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. అది ఆమెకు మరీ ఒళ్లు మండించింది.

మూడు దిమ్మెలు సర్ది, నాలుగోదాని దగ్గర అతను ఆగిపోయాడు. ఎడమ పక్క వెనక అంచును వేళ్లతో తడిమాడు. కుడి పక్కకు వెళ్లి చూసి వచ్చి, మళ్లీ తడిమాడు.

"ఏం తాబేలూ, ముహూర్తం కుదరలేదా?"

అతను ఆమెను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు. "ఎక్కడ ఎత్తాలో చెప్పడానికి అంచు మీద చిన్న నొక్కు ఉంటుంది. దాని వెనకే గట్టి ఇనుము. మిగతా మూడు చోట్లా ఉంది, ఇక్కడ లేదు. దిమ్మె కాస్త పక్కన ఆనినా మీరు రంగేసిన అంచు అప్పడంలా విరుగుతుంది."

ఆమెకు గుర్తొచ్చింది. గోరంత గుంట. సొట్ట అనుకుని తనే పుట్టీతో పూడ్చింది. ఆనవాలు మిగలకుండా రెండుసార్లు రుద్ది, మురిసిపోయింది కూడా.

ఏమిటా ఆలస్యమని బాబాయి అవతలి నుంచి కేకేశాడు. నాకే కాస్త అనుమానంగా ఉంది సార్, అన్నాడతను. మళ్లీ నవ్వులు లేచాయి. ఈసారి ఆమెకు నవ్వు రాలేదు.

"చెప్పెయ్యొచ్చుగా," అంది గొణుగుతూ.

"మీరు రుద్దుతుంటే రోజూ చూస్తూనే ఉన్నాను. అంత ఓపికున్న మనిషి మీద చాడీలు చెప్పబుద్ధి కాలేదు."

ఆమె నేరుగా బాబాయి దగ్గరికి నడిచింది. "ఆలస్యం అతని వల్ల కాదు బాబాయ్. ఎత్తే గుర్తును పూడ్చేసింది నేను. నువ్వు చెప్పే ఆ మహిమగల చెయ్యే."

బాబాయి ఆమె చేతినీ కారునూ మార్చి మార్చి చూశాడు. సరే, ఇద్దరూ కలిసే ఏడవండి, అన్నాడు చివరికి.

కుడి పక్క నొక్కు చక్రానికి ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిచి ఆమె చెప్పింది. ఎడమ పక్క అతను అంతే కొలుచుకుని, లోపలి ఇనుమును వేలితో వెతికాడు. ఇద్దరూ నేల మీద చెరో పక్క పడుకుని ఉన్నారు. పిల్లి దూరని ఆ సందులోంచి అతని కళ్లు మాత్రం కనిపించాయి.

"దొరికిందా?"

"ఆఁ."

"మరి అంచు చూడు. నన్ను కాదు."

కారు బెత్తెడు లేవగానే అతను ఆపాడు. మెల్లగా కదిపి, నాలుగు దిమ్మెలూ మళ్లీ చూసి, అప్పుడు పైకి పంపాడు. ఒక్క గీత లేదు. సంబరంలో ఆమె రంగు మీదికి చెయ్యి చాపింది. అతను చటుక్కున ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"మీ గడియారం," అన్నాడు.

అందుకోసం అతను ప్యాంటును వదిలేయవలసి వచ్చింది. ఆమె ముఖం తిప్పుకుని, కిటికీలోని బెల్టు తెచ్చి వెనక్కి అందించింది.

వీడి చేతిలోనూ ఏదో మహిమ ఉందన్నాడు బాబాయి.

"మహిమా లేదు, మట్టీ లేదు. బెల్టు తీసి పనిచేస్తాడు, అంతే," అంది ఆమె. తర్వాత, అతనికి మాత్రమే వినబడేలా, "రేపు మా ఇంటికి రా. లిఫ్టువాళ్లంటే మా అమ్మకు అస్సలు పడదు. అన్నీ నేనే నూరిపోశాను."

"అయితే ఎలా?"

"తొందరపడకు. ఒక మాట చెప్పి ఆగు. ఆవిడ ముఖం చూడు. అంతా నిలకడగా ఉంటేనే రెండోది చెప్పు. నీకు వచ్చిన విద్య అదొక్కటేగా."