గోడవైపు తిరిగినవాళ్లు

"ఆ పిల్ల నేరం ఒప్పుకోవాలి. అదే మన ప్లాన్," అన్నాడు చీఫ్.

ఎదుటి కుర్చీలో ఉన్నది అల్లుడు. ఏ ఇంట్లోకైనా పిలవకుండా వెళ్లి, దర్జాగా కూర్చుని, కావలసింది పట్టుకుని బయటపడతాడని డిపార్టుమెంటు అతనికి పెట్టిన పేరది. అసలు పేరు ఇంటివాళ్లకు మాత్రమే గుర్తు. ఆ ఇంటివాళ్లూ ఇప్పుడు లేరు.

తెర మీద ఫొటో పడింది. బక్కపలచని పిల్ల. కుట్టుపని ఇప్పిస్తామని సరిహద్దు దాటించారు. తాళం వేసిన భవనంలో ఏడాది ఉంచారు. తర్వాత చేతికి సూట్‌కేసు ఇచ్చి విమానం ఎక్కించారు. సూట్‌కేసు అడుగున మత్తుమందు ఉందని ఎయిర్‌పోర్టులో స్కానర్ చెప్పింది. అది ఎవరు పెట్టారో చెప్పే స్కానర్ ఇంకా రాలేదు కనక కేసు పిల్ల మీద పడింది.

"విదేశీ ముఠా. కోడ్ నేమ్ గడియారం. పిల్ల నోరెత్తకుండా జైలుకి పోతుందో లేదో చూడ్డానికి ఇవాళ వాళ్ల మనిషి కోర్టుకి వస్తాడు. వాడి ఫొటో తియ్యి. అంతే నీ పని."

"బలవంతంగా చేయించిన నేరానికి బాధితుల్ని శిక్షించకూడదని సెక్షన్ ఉంది సార్."

"ఉంది. నేరం ఒప్పుకోకముందే లాయరు అడగాలి. ఒప్పుకున్నాక ఆ తలుపు మూసుకుంటుంది. పిల్ల లాయరు ఎవరనుకున్నావ్? నెమలి. అడగదు."

"నెమలి మనకి సమాచారం ఇచ్చే మనిషి కదా!"

"మనకీ ఇస్తుంది, వాళ్లకీ ఇస్తుంది. డబుల్ ఏజెంట్ అంటే అంతేగా. పిల్ల లోపలికి పోతే గడియారం ధైర్యంగా ఇంకో సరుకు పంపుతుంది. అప్పుడు పట్టుకుందాం."

"ఇంకో సరుకంటే ఇంకో పిల్లే కదా సార్."

చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అల్లుడూ, నీ చెల్లెలి సంగతి నాకు తెలుసు. దాన్ని ఇందులోకి లాగకు." ఒక పెన్ను ముందుకు తోశాడు. "కెమెరా, మైకు, ట్రాన్స్‌మిటర్. జాగ్రత్త. ఈ ఆఫీసులో సరిగ్గా పనిచేసేది ఇదొక్కటే."

కోర్టు భాష ఆ పిల్లకి రాదు. అందుకని అల్లుడు దుబాసీ వేషం కట్టాడు. సగం బట్టతల విగ్గు, లావు అద్దాలు, మోచేతుల దగ్గర నలిగిన కోటు. గేటు దగ్గర పెన్ను స్కానర్‌లోంచి వెళ్లింది. అవతల తీసి చూసుకుంటే దాని లైటు ఆరిపోయి ఉంది. డిపార్టుమెంటులో సరిగ్గా పనిచేసేది ఇక ఏదీ లేదన్నమాట.

ముద్దాయిల గదిలో బెంచీ మీద పిల్ల కూర్చుని ఉంది. పక్కన నెమలి. పట్టు స్కార్ఫ్, ఎత్తు మడమలు, వేలికి పచ్చరాయి ఉంగరం.

"దుబాసీ గారూ, అడిగింది అడిగినట్టు చెప్పండి చాలు. మీ పాండిత్యం ఇంటిదగ్గర చూపించుకోండి."

"ఇంటిదగ్గర నా మాట ఎవరు వింటారమ్మా?"

మాట అర్థం కాకపోయినా అతని ముఖం చూసి పిల్ల నవ్వాపుకుంది. అల్లుడు ఆమె వైపు వంగి, "అక్కడ ఏం పని చేయించారమ్మా?" అని ఆమె భాషలో అడిగాడు.

"కుట్టుపని అన్నారు బాబాయ్. కానీ రాత్రీ పగలూ తలుపుకి..."

నెమలి ఉంగరం బెంచీకి తగిలింది. టక్ టక్. ఒక్క క్షణం ఆగి, టక్.

పిల్ల లేచింది. గోడవైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

ఆ నిలబడే తీరు అల్లుడికి తెలుసు. అతని చెల్లెలు ఇలాగే ఒక సూట్‌కేసుతో దొరికి, నేరం ఒప్పుకుని, శిక్ష అనుభవించి ఇంటికి వచ్చింది. ఎవరైనా గ్లాసు కాస్త గట్టిగా బల్ల మీద పెడితే చాలు, లేచి గోడవైపు తిరిగేది. వంట మధ్యలోనైనా, మాట మధ్యలోనైనా. తలుపు తెరిచేవాళ్ల ముఖాలు చూడకూడదన్నయ్యా, చూసినవాళ్లు మర్నాడు ఉండరు, అని ఒకే ఒక్కసారి చెప్పింది. వచ్చిన చలికాలం దాటకుండానే పోయింది. ఆ సెక్షన్ అప్పుడూ ఉంది. చెప్పినవాళ్లే లేరు.

కోర్టు హాలు వెనక వరసలో నీలికోటు మనిషి ఆవలిస్తూ కూర్చున్నాడు. జడ్జి చత్వారం కళ్లజోడు సర్దుకున్నాడు.

"నేరం ఒప్పుకుంటున్నావా అని అడుగు."

అల్లుడు అడిగాడు. పిల్ల నెమలిని చూసింది. నెమలి కాలు మీద కాలేసుకుని, కనీకనపడకుండా తలూపింది. పిల్ల నోరు తెరిచింది.

అల్లుడు చచ్చిన పెన్నుతో బల్ల మీద కొట్టాడు. టక్ టక్. టక్.

పిల్ల గోడవైపు తిరిగింది.

మడమల చప్పుడైంది. నెమలి కూడా లేచింది. గోడవైపు తిరిగి, ఉంగరమున్న చెయ్యి వెనక్కి పెట్టి, రెండో చేత్తో పట్టుకుంది.

జడ్జి కలం కింద పెట్టాడు.

"లాయరు గారూ," అన్నాడు జడ్జి మెల్లగా, "మీరెందుకు గోడ చూస్తున్నారు?"

ఆమె అలాగే నిలబడింది. ఆ చప్పుడు తను చేసేటప్పుడు చెయ్యి లాయరుది. ఇంకొకరు చేస్తే వినేది ఒకప్పుడు ఆ తాళాల వెనక మగ్గిన పాత ఒళ్లు.

"అయ్యా, దుబాసీ సొంత మాట చెప్పకూడదు," అన్నాడు అల్లుడు. "ఆ చప్పుడుకి అర్థం చెప్పమంటే చెప్తాను."

"చెప్పు."

"తలుపు తెరుస్తున్నాం, మా ముఖం చూస్తే చస్తారు, అని."

నీలికోటు మనిషి లేచి ద్వారం వైపు పరుగెత్తాడు. జడ్జి చెయ్యి ఎత్తేసరికే బంట్రోతు గడియ వేశాడు.

"ఒప్పుకోలు రాయొద్దు," అన్నాడు జడ్జి. "ఈ పిల్లకి వేరే లాయరుని ఇవ్వండి. సెక్షన్ సంగతి ముందు తేలుద్దాం."

పిల్ల మీద కేసు కొట్టేశారు. నీలికోటు మనిషి నోరు విప్పాడు, భవనం తాళాలు పగిలాయి. చీఫ్ అల్లుడి భుజం తట్టాడు.

"శభాష్. పెన్నులో ఒక్క ఫొటో లేదు గానీ, శభాష్. నెమలి మీద కూడా కేసు పెట్టాం."

"ఆవిడా లేచింది సార్. ఆవిడా ఆ భవనంలోంచి వచ్చిందే."

"కావచ్చు. లాయరు కదా, సెక్షన్ తెలిసిన మనిషి. తనకోసం ఎప్పుడో అడగాల్సింది."

అల్లుడు సెల్‌కి వెళ్లాడు. స్కార్ఫ్ లేదు, ఉంగరం లేదు. ఒట్టికాళ్లతో నెమలి పొట్టిగా కనిపించింది.

"రేపు ఒప్పుకుంటాను దుబాసీ గారూ. తొందరగా అయిపోతుంది."

"వద్దమ్మా. ముందు అడగాలి."

"ఆ సెక్షన్ అడగకుండా ఎంతమందిని లోపలికి పంపానో మీకు తెలీదు. నాకోసం ఎవరిని అడగమంటారు?"

అల్లుడు తలుపు వైపు తిరిగాడు. బయటికి వెళ్లాలంటే కాపలా మనిషి కోసం తలుపు కొట్టాలి. అల్లుడు చెయ్యి ఎత్తి, ఆమె వీపు బిగుసుకోవడం చూసి, దించేశాడు.

సర్వీసంతా చప్పుడు చెయ్యకుండా తలుపులు దాటిన మనిషి, ఆ రోజు ఒక తలుపు తెరవమని గొంతు చించుకుని అరిచాడు.