పూసుకున్నవా?

ఏప్రిల్ ఎండంటే మాటలా! శంషాబాద్‌లో పది గంటలకే కుక్కలు ఆగిన బస్సుల కింద దూరతాయి. అలాంటి ఎండలో, డ్యూటీ దిగి తిన్నగా మెడికల్ షాపు మెట్లెక్కింది సునీల.

గోడ మీద ఏళ్ళ తరబడి వేలాడిన ఫోటో తీసేస్తే, దాని వెనక ఉన్నంత మేరా పాత రంగు మిగిలిపోతుంది చూడండి, అట్లా ఉంది ఆ పిల్ల మొహం. కళ్ళజోడు ఆనిన చోట లేత రంగు, తక్కినదంతా ఎండకు కమిలి నలుపు.

“అన్నా, ఈ క్రీము ఉందా?” అని ఫోన్‌లో బొమ్మ చూపించింది.

కౌంటర్ వెనక ఉన్న కుర్రాడి పేరు కరుణ్. మైలార్‌దేవ్‌పల్లి పిల్లాడు, మందుల చదువు చదివి ఈ షాపులో చేరాడు. బొమ్మ చూసి తల పైకెత్తాడు.

“ఎవరు రాసిచ్చిన్రు?”

“మా చిన్నమ్మ.”

“మీ చిన్నమ్మ డాక్టరా?”

“కాదు. కోపం ఎక్కువ.”

“అయితే ఇయ్య. ఇది డాక్టరు రాసిస్తేనే ఇచ్చే మందు. తెల్లగయితమని పూసుకొని ఎండల తిరిగితే మొఖం మండుతది. మస్తు మంది గిట్లనే పరేషాన్ అయితున్నరు.”

“నీ పని అమ్ముడు గదన్నా, పాఠాలు చెప్పుడా?”

“నీ పనేంది?”

“ఎయిర్‌పోర్టుల సామాన్ల ట్రాక్టర్ నడుపుత.”

నీడన్నది లేని ఆ సిమెంటు నేల మీద ఎనిమిది గంటలు ఉండే మనిషని కరుణ్‌కు అర్థమైంది. సన్‌స్క్రీన్ ట్యూబు ఒకటి తీసి ముందు పెట్టాడు.

“రెండు వేళ్ళ పొడుగు తీసుకో. ఎండలకు పోయే పావుగంట ముందు పూసుకో. మళ్ళ రెండు గంటలకోసారి.”

“రెండు గంటలకోసారా? పైలట్‌కు చెప్పి జర సేపు మీదనే తిప్పమనాల్నా విమానాన్ని?”

షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. కరుణ్ చెవులు ఎర్రబడ్డాయి గాని వెనక్కి తగ్గలేదు. “నవ్వితే నవ్వు. చెవుల ఎనుక, మెడకు మాత్రం మరువకు.”

సునీల ఆ ట్యూబు కొన్నది. ఎందుకు కొన్నదో మెట్లు దిగేదాకా తనకే తెలియలేదు. ఆమె మొహం గురించి మాట్లాడినవాళ్ళు ఊళ్ళో సగం మంది ఉన్నారు. చెవుల వెనక ఎండ తగులుతుందని తలచినవాడు ఇన్నాళ్ళకు ఒక్కడు.

వారం తర్వాత మళ్ళీ వచ్చింది. “రెండు గంటలు యాదికుంటలేదు.”

సరిగ్గా అప్పుడే ఓ పెద్ద విమానం కిందికి దిగుతూ షాపు మీదుగా పోయింది. అరలో సిరప్ సీసాలన్నీ గలగలమన్నాయి. కరుణ్ పైకి చూశాడు, సీసాల వంక చూశాడు.

“గిట్ల సీసాలు కదిలేటంత పెద్దది రెండు మూడు గంటలకొకటి వస్తది. వచ్చినప్పుడల్లా నీకు మెసేజ్ పెడుత. సరేనా?”

“పెట్టు, చూద్దాం.”

ఇక మొదలైంది. విమానం నుంచి సామాను దించి విశ్రాంతి గదిలోకి వచ్చేసరికి ఫోన్‌లో ఒకే మాట ఉండేది: “పూసుకున్నవా?” ఆమె “పూసుకున్న” అని కొట్టేది. తర్వాత “నీళ్ళు తాగినవా?” చేరింది. ఆ తర్వాత “తిన్నవా?” చేరింది. ‘అన్నా’ అనడం ఎప్పుడు మానేసిందో సునీలకే గుర్తులేదు.

సెలవు రోజున కూడా ఇంట్లో కూచుని ఉండగా ఫోను మోగితే, గబగబా మొహానికి పూసుకునేది. నాయనమ్మ ప్రేమావతి బియ్యం ఏరుతూ అదంతా చూసేది. ఇంట్లో ఎండెక్కడిదని అడగలేదు. పెద్దది కదా, తెలియని విషయమా?

సునీల అమ్మానాన్నలు కొత్తూరు ఫ్యాక్టరీ దగ్గర ఉండేవారు. ఎయిర్‌పోర్టుకు దగ్గరని ఆ పిల్ల నాయనమ్మ ఇంట్లో ఉండేది. చిన్నమ్మ స్వర్ణలతా అదే ఇంట్లో. ఆమె చెడ్డదేం కాదు గాని, తలచింది ఆ పూటకే జరగాలంటుంది. ఓ బుధవారం రానే వచ్చింది కబురుతో.

“అత్తాపూర్ సంబంధం. బ్యాంకు ఉద్యోగం. ఆదివారం ప్రార్థన అయినంక చూడనీకి వస్తున్నరు. పెళ్ళయితే నువ్వు ఆ ట్రాక్టర్ దిగాల్నంట, నీడ పట్టున ఉండాల్నంట.”

“నేను దిగ, చిన్నమ్మా.”

“ముందు నిన్ను చూసి నచ్చనియ్యి. ఆ మొఖం జర తెల్లగ చేసుకో.”

వరసగా నాలుగు ట్రాలీలు వెనక కట్టుకుని, విమానం కడుపు కిందికి వెంట్రుకవాసి తేడా లేకుండా తీసుకుపోయే పిల్ల అది. దిగమంటే ఎట్లా దిగుతుంది? ఆ మాట కరుణ్‌తో చెప్పుకోవాలనుకుంది. విచిత్రం చూడండి, గురువారం మధ్యాహ్నం నుంచే మెసేజులు ఆగిపోయాయి.

పెద్ద విమానాలు వస్తూనే ఉన్నాయి. ఫోను మాత్రం పలకలేదు. శుక్రవారం పొద్దున్న చిన్నమ్మ ఎక్కడినుంచో ఆ క్రీము తెచ్చి చేతిలో పెట్టింది. వద్దన్నవాడే పట్టించుకోనప్పుడు ఇంకెందుకని, ఉక్రోషంతో పూసుకుంది. సాయంత్రం పూసుకుంది. శనివారం డ్యూటీకి పోయేముందు మళ్ళీ పూసుకుంది.

పదకొండు గంటల ఎండకు మొహం మీద మిరపకాయలు నూరినట్టయింది. ఉండబట్టలేక తనే మెసేజ్ పెట్టింది: “మొఖం మండుతున్నది.”

క్షణంలో ఫోను మోగింది. “మంచినీళ్ళతోటి కడుగు. సబ్బు పెట్టకు, రుద్దకు. తడిగుడ్డ ఏసుకో. నేను వస్తున్న.”

పన్నెండుకు డ్యూటీ దిగాల్సింది. ఓ విమానం ఆలస్యమై రెండయింది. ముఖానికి చున్నీ చుట్టుకుని స్టాఫ్ గేటు బయటికి వచ్చేసరికి, బస్సులు ఆగేచోట, నీడ లేని చోటే నిలబడి ఉన్నాడు కరుణ్. చేతిలో మందుల కవరు ఉంది.

“చూపెట్టు.”

“నవ్వుతవ్.”

“నవ్వ.”

చున్నీ తీసింది. అతను నవ్వలేదు. అతని మొహమే చిన్నబోయింది. “ఇగ ఆ క్రీము బంద్. ఈ లోషన్ మాత్రం పూసుకో, సల్లటి గుడ్డ పెట్టుకో. సోమవారం దవాఖానల చర్మం డాక్టరుకు చూపిద్దాం.”

“మెసేజులెందుకు బంద్ చేసినవ్?”

కరుణ్ దిక్కులు చూశాడు. “గాలి తిరిగింది. దిగే విమానాలు అవుతలి దిక్కు నుంచి వస్తున్నయి. లేచేటియి పైపైన పోతయి. సీసాలు కదుల్తలెవ్వు, నాకు టైం ఎట్ల తెలుస్తది?”

“గాలి తిరిగింది నిన్న పొద్దుగాల. దినమంతా విమానాల కింద తిరిగేదాన్ని, నాకు చెప్తున్నవా? నీ మెసేజులు బందయింది మొన్న.”

దొరికిపోయాడు పాపం. నేల చూపులు చూశాడు.

“మొన్న మీ చిన్నమ్మ షాపుకొచ్చింది. మా సునీలను ఆదివారం చూసేటోళ్ళు వస్తున్నరు, ఆ క్రీము ఇయ్యమన్నది. ఇయ్యలే, ఇంకో షాపుకు పోయింది. ఇగ నీకు మెసేజులు పెట్టుడు మర్యాద గాదనుకున్న.”

“పూసుకోకు అని ఒక్క ముక్క చెప్పొద్దా?”

“చెప్పాలె. తప్పు నాదే.” కవరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “ఇంకో తప్పు కూడ చేసిన. వాళ్ళ కారు పంచర్ కావాలని ప్రార్థన చేసిన.”

సునీల కళ్ళు ఇంతలేసి చేసింది. “గట్ల ప్రార్థన చేస్తరా ఎవరన్నా!”

“పెద్దగ అడుగలే. ఒక్క టైరే.”

మొహం మండుతున్నా నవ్వు ఆగలేదు ఆ పిల్లకు. అతను మాత్రం నవ్వకుండా అన్నాడు: “నువ్వు ఆ ట్రాక్టర్ మీదనే ఉండు సునీలా. నల్లగుండు, ఎర్రగుండు, ఎట్లనన్న ఉండు. విమానం వచ్చినా రాకున్నా నేను అడుగుతనే ఉంట.”

అతని మొహంలోకి చూసింది సునీల. అప్పుడు కనిపించింది. ముక్కు టమాటాలా ఎర్రబడింది, నుదురు కమిలింది, చెవుల అంచులు కాలిపోయినట్టున్నాయి.

“ఎప్పటి నుంచి నిలబడ్డవ్ ఇక్కడ?”

“పన్నెండు నుంచి.”

“పూసుకున్నవా?”

కరుణ్ చెయ్యి ముక్కు మీదికి పోయింది. ఊరందరికీ చెప్పే మనిషి, షాపు నుంచి ఉరుకుతూ తన మొహం సంగతే మరిచిపోయాడు!

సునీల జేబులోంచి ట్యూబు తీసి, రెండు వేళ్ళ పొడుగు పిండింది. మెల్లగా, ముక్కు మీద, నుదుటి మీద, ఆఖరుకు చెవుల వెనక పూసింది. “ఇక్కడ మరువొద్దని ఎవరో చెప్పిండు,” అంది. అతను బస్సు వచ్చింది కూడా చూడలేదు.

సాయంత్రం ఇద్దరూ కలిసి గుమ్మంలోకి వచ్చేసరికి ప్రేమావతి ఒక మొహం చూసింది, రెండో మొహం చూసింది.

“ఏంది బిడ్డా, ఇద్దరు కలిసి పొయ్యిల తలపెట్టొచ్చిన్రా?”

కరుణ్ చేతులు జోడించి, ఉన్నదంతా చెప్పాడు, పంచర్ ప్రార్థనతో సహా. స్వర్ణలత అతన్ని గుర్తుపట్టింది. “ఓహో, క్రీము ఇయ్యనన్నది నువ్వే గదా!” అని కోపంగా లేచింది గాని, సునీల బుగ్గలు చూశాక ఆ కోపం నిలవలేదు. “నేనే ఆగం చేసిన బిడ్డా,” అని తడిగుడ్డ తేవడానికి లోపలికి పోయింది.

“స్వర్ణా, గుడ్డ తర్వాత. ముందు అత్తాపూరోళ్ళకు ఫోన్ చెయ్,” అంది ప్రేమావతి. “మా పిల్లను చూసేటోడు చూసిండని చెప్పు. రేపు కొత్తూరు నుంచి కొడుకు, కోడలు వస్తరు, వాళ్ళతోటి నేను మాట్లాడుత.”

ఆ పొద్దుగుంకే వేళ గాలి మళ్ళీ తిరిగినట్టుంది. పెద్ద విమానం ఒకటి ఇంటి మీదుగా దిగింది. గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. సునీల, కరుణ్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ప్రేమావతి బియ్యం చాట పక్కకు నెట్టి, ముడతల బుగ్గ ఇటు తిప్పి కూచుంది.

“పెద్దదొచ్చింది గదా. తియ్యున్రి ఆ ట్యూబు. ఇయ్యాల నాక్కూడ జర పెట్టున్రి.”