గోడ పల్చన

కంప్యూటర్ టీచర్ నవ్వితే లెక్కల మాస్టారికి అనుమానం. నవ్వకపోతే ఇంకా అనుమానం.

అతనికింకా పెళ్ళి కాలేదు, జుట్టూ నెరవలేదు. అయినా బడిలో అందరికీ మాస్టారే. సుద్దముక్క తప్ప మరో లోకం తెలియదు. ఆమె వచ్చాక తొమ్మిదో తరగతి పిల్లలు పక్క గదిలో తెర ముందు కూర్చుని లెక్కల వీడియోలు చూస్తున్నారు. ఇవి బాగా సాగితే మీ క్లాసులు తగ్గించి ఆఫీసు పని ఇద్దామని పెద్దమేడం తియ్యగా చెప్పింది. ఆ రోజు అతనికి ముద్ద దిగలేదు.

పైగా పిల్లలు రోజూ వచ్చి గడుసు ప్రశ్న అడుగుతున్నారు. ఏ రోజుకారోజు అందరిదీ ఒకటే ప్రశ్న. తను తడబడితే చూసి నవ్వాలని ఆమే పంపుతోందని తేల్చుకున్నాడు.

వాన పట్టుకున్న మధ్యాహ్నం, గొడుగు మర్చిపోయిన వంకతో ఆమె గది తలుపు పక్కన నిలబడ్డాడు. తెర మీద చెయ్యి మాత్రమే కనిపిస్తోంది. గొంతు ఆమెదే.

"త్రిభుజానికి పీట ఎప్పుడూ కిందే ఉండాలని రూలు లేదు."

అతని చెవులు నిక్కబొడుచుకున్నాయి. పుస్తకంలో ఉండేది భూమి. దాన్ని పీట అనేవాడు అతనొక్కడే.

పిల్లలు వెళ్ళాక లోపలికి నడిచాడు.

"నా మాట ఎత్తుకొచ్చారు."

"గోడ పల్చన మాస్టారూ. మీ గొంతేమో పెద్దది."

"క్లాసు కూడా ఎత్తుకుపోదామనా?"

ఆమె వీడియోను చివరికి జరిపింది. చెయ్యి లెక్కను సగంలో ఆపేసింది. "మిగతాది మీ మాస్టారు చెప్పాలి. వెళ్ళి అడగండి," అంది గొంతు.

ఇంకోటి పెట్టింది. అదీ సగమే. పిల్లలు రోజూ మోసుకొచ్చే ప్రశ్నలు ఇవన్నమాట. పెద్దమేడం కూడా ఇవన్నీ చూసి, మాస్టారు లేకపోతే వీడియో దండగని ఒప్పుకుందని ఆమె చెప్పింది.

అయినా అనుమానం చావలేదు. "ఇందులో మీకేంటి లాభం?"

ఆమె మౌస్ వైరు వేలికి చుట్టుకుంది. "గోడ ఇవతలికి మీ మాట సగమే వినిపిస్తుంది. మిగతా సగం దగ్గర కూర్చుని వినాలని."

"వింటే?"

"అదీ నేనే చెప్పాలా? నా సగం అయిపోయింది. మిగతాది మీరు చెప్పాలి మాస్టారూ."

అతను తలుపు వంక చూశాడు, గోడ వంక చూశాడు. మూలనున్న ఆమె గొడుగు అందుకున్నాడు.

"ఇక్కడొద్దు. గోడ పల్చన. దారిలో చెప్తాను."