తావుర్యా బిగించిన నట్టు

ఆయుధ పూజ వెళ్లి రెండు రోజులయింది. సూర్యాపేటలో ప్రైవేటు డిటెక్టివ్ ఆనందం తన భూతద్దం వైపు నీరసంగా చూశాడు. దాని నడిమధ్య గుండ్రంగా పసుపూ కుంకుమా ఉన్నాయి.

“ఇందులోంచి నేనేం చూడను, చంద్రా?”

“పక్కనుంచి చూడండి,” అంది చంద్రకళ. పెళ్లయి మూడు నెలలు, భర్త దగ్గర అసిస్టెంటుగా చేరి రెండు నెలలు. “మీ ఆయుధం ఇదే కదా! నా పెన్నుకూ పెట్టుకున్నాను.”

ఆనందం తుడవబోయి మానేశాడు.

ఇంతలో వాకిట్లో జీపు ఆగింది. బానెట్టు మీద వాడిన బంతిపూల దండ. దిగినవాడు ఓంప్రకాష్, మిర్యాలగూడ రైసు మిల్లు యజమాని పాండురంగం బావమరిది. వెనక దిగినవాడు ఆ మిల్లు మెకానిక్కు తావుర్యా. కళ్లలో నిద్ర లేదు, గోళ్లలో ఇంజను నూనె.

“నిన్న పొద్దున మిల్లు చాలు చేయంగనే ఇంజను పుల్లీ ఊడి మీద పడి హమాలీ బీక్యా కాలు ఇరిగింది,” అన్నాడు ఓంప్రకాష్. “నట్టు బిగించుడు మరిచిండు ఈయన. ఠాణాల అప్పజెప్పుదమంటే మా బావ ముందుగాల మిమ్ముల తోల్కరమ్మన్నడు.”

తావుర్యా తలెత్తలేదు. “బీక్యా నా సొంత తమ్ముడు సారూ. ఆ ఇంజనుతోటి పద్దెనిమిదేండ్లాయె. నా పెండ్లాం గొంతు కన్న దాని సప్పుడే నాకు ఎక్కువ ఎరుక. పండుగ ముందు బిగించిన్ననే యాదికున్నది. గని పానం అలిసింది, మరిచిన్నేమో. ఠాణాకు భయం లేదు. నా చెయ్యే చేసిందా, కాదా, గది చెప్పుండ్రి. దవాఖానకు పోయి వాని మొకం సూడలేకున్న.”

మిర్యాలగూడ వెళ్లే దారిలో జీపు టైరు పంక్చరయింది. ఓంప్రకాష్ సామాన్ల సంచి విప్పి పరిచాడు.

“జాకీకి బొట్టు, సుత్తికి బొట్టు, పటకారుకు కూడా!” అని చంద్రకళ మురిసిపోయింది. వాటి మధ్య, నట్టును బట్టి నోరు సర్దుకునే పెద్ద పానా ఒక్కటే వెండిలా తళతళలాడుతోంది. ఆనందం కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకుంది ఆమె.

మిల్లులో చప్పుడు లేదు. ఊక దుమ్ము కూడా అలసిపోయినట్టు నేలకు అంటుకుని ఉంది. పాండురంగం ఊడిపడిన పుల్లీ నట్టును కాగితంలోంచి తీసి ఇచ్చాడు. ఆనందం భూతద్దాన్ని పక్కకు జరిపి జరిపి చూశాడు. నట్టుకు ఎదురెదురు రెండు పక్కల పసుపు గీరుకుపోయింది. ఇనుము మీద కొత్త గీతలు.

“పూజ ఎవరు చేశారు?”

“నేనే,” అంది పాండురంగం భార్య భాగ్యవతి. “నట్టుకు నాలుగు దిక్కుల నిండుగ పూసిన. మిల్లుల ఇనుమన్నది ఒక్కటి ఇడ్వలే. కాటాకు, సైకిలుకు, జీపు సంచిల ఒక్కొక్కదానికి పెట్టిన.”

“తావుర్యా పనిముట్ల పెట్టె?”

“గాడనే ఉన్నది. నేను కట్టిన దారం గట్లనే ఉన్నది.”

పెట్టె మీద పసుపు దారం ముడి చెక్కుచెదరలేదు.

ఆనందం అందరినీ వడ్లు ఆడే హల్లరు ముందుకు పిలిచి, ఒక బస్తా మీద కూలబడ్డాడు.

“దానంతటది ఊడిన నట్టుకు రెండు పక్కలే పసుపు గీరుకుపోదు. పూజయ్యాక ఎవరో పానా వేశారు. బిగించడానికైతే పుల్లీ ఊడేది కాదు. తావుర్యా పెట్టె విప్పలేదు. మరి ఏ పానా? ఓంప్రకాష్ గారూ, మీ సంచిలో అన్నిటికీ బొట్టుంది. ఆ పెద్ద పానాకు లేదేం?”

“తుప్పు పడ్తదని తుడిచిన.”

“జాకీకి పట్టదా తుప్పు?”

ఓంప్రకాష్ జీపు వైపు చూశాడు.

“పూజ బొట్టు దానంతటది పోవాలి గాని, ఎవరూ తుడవరు. అడ్డమొచ్చినా నా భూతద్దమే నేను తుడవలేకపోయాను. పానా నోటికి నట్టు పసుపు అంటింది. ఆ జాడ చెరపబోయి మొత్తం తుడిచేశారు.”

“బొట్టు తుడిచినవా, తమ్మీ?” అంది భాగ్యవతి. ఆ మాటకు ఓంప్రకాష్ తల వాలిపోయింది.

“కరెంటు మోటరు పెడదమంటే బావ ఇనడాయె. తావుర్యా ఉన్నన్ని దినాలు ఈ పాత ఇంజను పోదు. పుల్లీ ఊడితే ఇంజను, ఈయన ఒక్కసారే మిల్లుల నుంచి పోతరనుకున్న. ఆడ బీక్యా నిలవడ్తడనుకోలే.”

“ఠాణాకు ఇగ నువ్వే నడు,” అన్నాడు పాండురంగం.

తావుర్యాకు ఇవేవీ వినిపించినట్టు లేదు. “నేను బిగించిన్నా సారూ?”

“గట్టిగా బిగించావు. విప్పుతుంటే పానా రెండుసార్లు జారింది. ఈ గీతలు అవే. ఇదిగో, పక్కనుంచి చూడు.”

తావుర్యా భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. తరువాత నట్టును తలగుడ్డ కొసకు ముడివేసుకుని లేచాడు.

“తావుర్యా, మరి ఇంజను?” అన్నాడు పాండురంగం.

“రేపు, సేటూ. ఇది మా తమ్మునికి సూపెట్టొస్త.”

అని దవాఖాన దారి పట్టాడు.