నిమ్మరసం జడ

"నిమ్మ పోసిన, నానమ్మా," అంది అఖిల, పెదవులు సరిగా విప్పకుండానే.

నానమ్మ ఈదమ్మకు వినబడేది సగం. ఆ సగంలోనూ సగమే చెవికి చేరింది. "అమ్మ పోసిందా?" అంటూ చేతిలో చాట జారవిడిచింది. బియ్యం అరుగంతా పరుచుకున్నాయి.

"అమ్మ కాదు..."

నానమ్మ అప్పటికే అఖిల జడ పక్కకు తీసి చూసింది. మెడ వెనక, చెవుల కింద, నుదుటి అంచున నీటిబొబ్బలు. ఎర్రగా, నిండుగా మెరుస్తున్నాయి. నిజానికి చెవితో పనే లేదు. ఆ బొబ్బలు చూస్తే గోపాల్‌పేటలో ఎవరైనా అదే మాట అంటారు. డాక్టర్లు చికెన్‌పాక్స్ అనేదాన్ని ఇక్కడ అమ్మవారు పోసిందంటారు. పక్క వాడలో ఇద్దరు పిల్లలకు పోసి వారం కాలేదు.

నానమ్మ చెంపలు వేసుకుంది. "మా ఇంటికొచ్చినవా తల్లీ. జర సల్లగ సూడు."

అఖిల నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

అసలు సంగతి ఆదివారం జరిగింది. బళ్ళో స్నేహితురాలు శ్రీజ ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. అందులో ఒకమ్మాయి జుట్టుకు నిమ్మరసం పట్టించి ఎండలో కూర్చుంది. నల్లజుట్టు తేనెరంగుకు తిరిగింది. "రంగు డబ్బా గాదు, కెమికల్ గాదు. అంతా నాచురలే," అంది శ్రీజ. నిప్పు కూడా నాచురలేనని ఇద్దరికీ తట్టలేదు.

అమ్మ పచ్చడికని తెచ్చిన నిమ్మకాయలన్నీ పిండేసి, అఖిల మిట్టమధ్యాహ్నం మిద్దెక్కింది. ఆ వీడియో అమ్మాయిది ఏ చల్లని ఊరో ఏమో. గోపాల్‌పేట ఎండకు మొహమాటం లేదు, మొహం మాడ్చే ఆట తప్ప. రసం జుట్టులోంచి మెడ మీదికి కారింది. ఆ రాత్రి చురచుర. సోమవారం ఎరుపు. ఇవాళ బొబ్బలు. జుట్టుకు తేనెరంగు రాలేదు గానీ, మెడకు తేనెటీగలు కుట్టినంత పనైంది.

చెప్పేద్దామంటే అమ్మ మాట గుర్తొచ్చింది. "ఫోన్ల సూసి జుట్టుకు ఏమన్న రాసినవో, నున్నగ గుండు గీయిస్త." అమ్మ ఊరికే అనే మనిషి కాదు. అంటే అన్నట్టే.

అఖిల తల తడుముకుంది.

గంటలో గడపకు వేపమండలు వేలాడాయి. నానమ్మ చాప మీద వేపాకు పరిచి అఖిలను పడుకోబెట్టింది. చేను నుంచి వచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, కూతురికి రెండు చేతులూ జోడించింది.

"నిన్న బడికి ఆలస్యమైతుందని పిల్లను కోపంచేసిన తల్లీ. తెలువక జేసిన. మనసుల పెట్టుకోకు."

అమ్మ దండం పెడుతోంది. తనకే. అఖిల చూపు తిప్పుకుంది.

ఎదురుగా గోడ మీద గద్వాల జమ్ములమ్మ పటం ఉంది. ఆ పెద్ద కళ్ళు తననే చూస్తున్నాయి. రాని అమ్మవారు వచ్చిందని తను ఊరుకుంటే, అసలు అమ్మవారు ఊరుకుంటుందా? అఖిల గోడ వైపు తిరిగి పడుకుంది. కళ్ళు వీపు మీద గుచ్చుకున్నట్టే ఉన్నాయి.

అప్పుడే అమ్మ గొంతు తగ్గించి అంది. "అత్తా, రెబెకాకు ఎట్ల చెప్పాలె? నిన్న పొద్దుగాల ఆమెనే జడేసింది గద. నెలలు నిండిన మనిషి."

పక్కింటి రెబెకక్కే రోజూ అఖిలకు జడ వేస్తుంది. కడుపు అడ్డమొస్తే పీట పక్కకు జరుపుకుని మరీ వేస్తుంది.

చెప్పక తప్పలేదు. అమ్మ వెళ్ళి చెప్పింది. కాసేపటికి గోడ అవతల నుంచి ఏడుపు వినిపించింది. రెబెకక్క హైదరాబాదులో మేస్త్రీ పనికి పోయిన భర్త ఇస్రాయేలుతో ఫోన్‌లో మాట్లాడుతోంది.

"నాకేమైతే గానియ్యి. లోపల బిడ్డకేమన్న అయితే ఎట్ల? ... లేదు, అన్నం దిగుతలేదు. ఇయ్యాల్నే వనపర్తి దవాఖానకు పోత. ... ఒక్కదాన్నే పోత, ఇంకెవరున్నరు?"

వీధిలో ఆటో వచ్చి ఆగింది.

అఖిల లేచి కూర్చుంది. గుండు కళ్ళ ముందు మెరిసింది. పటంలో కళ్ళూ మెరిశాయి. అన్నిటికన్నా గట్టిగా గోడ అవతలి ఏడుపు వినబడుతోంది.

వేపమండలు తప్పించుకుని గడప దాటింది. వీధిలో ఉన్నవాళ్ళు దిగ్గున వెనక్కి జరిగారు. ఆటో ఎక్కబోతున్న రెబెకక్క రెండు చేతులూ కడుపు మీద కప్పుకుంది.

"దగ్గరికి రాకు అఖిలా. నీ కాల్మొక్కుత."

"నాకు అమ్మవారు పోయలేదక్కా," అంది అఖిల. "నేనే పోసుకున్న. జుట్టు రంగు మారాలని నిమ్మరసం పోసుకొని ఎండల కూసున్న. నానమ్మ అట్లనుకుంటే చెప్పలే. భయమైంది."

సరిగా వినబడని నానమ్మ, "ఏమంటుందే?" అంది. అఖిల ఆమె చెవి దగ్గరికి పోయి మళ్ళీ మొత్తం చెప్పింది, ఈసారి వీధి వీధంతా వినేలా.

అమ్మ చెయ్యి పైకి లేచింది. రెబెకక్క తడి మొహం చూసి చెయ్యి దించేసింది. "గుండు ముచ్చట తర్వాత. ముందు ఆటో ఎక్కు. డాక్టరు చెప్తే గాని ఆమెకు నిమ్మళం కాదు."

వనపర్తి దవాఖానలో డాక్టరమ్మ బొబ్బలు చూసింది. కారిన రసం ఎట్లా పోతే అట్లా చారలు కట్టాయి. "నిమ్మరసం, ఎండ కలిస్తే చర్మం గిట్లనే కాలుతది. అంటుకునేది గాదు. నల్లమచ్చలు కొన్ని వారాలుంటయి," అంటూ మందు రాసింది. రెబెకక్క కుర్చీలో వెనక్కి వాలి, అంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలింది.

బయట వరండాలో చీటీల కోసం జనం వరుసలో ఉన్నారు. అఖిల మెడ చూసి ఒక పసిబిడ్డ తల్లి చటుక్కున బిడ్డ మీద కొంగు కప్పింది. పక్కనున్న ముసలాయన గోడకు అతుక్కుపోయాడు.

"దా, ఆటో పోతది," అమ్మ చెయ్యి పట్టి లాగింది.

అఖిల ఆగింది. సిగ్గుతో చెవులు కాలుతున్నా, జడ పైకెత్తి మెడ చూపించింది.

"అంటుకోదక్కా. అమ్మవారు గాదు. నిమ్మరసం పెట్టుకొని నేనే కాల్చుకున్న."

ముసలాయన వైపు తిరిగి అతనికీ చెప్పింది. వెనక బెంచీ మీద వాళ్ళకూ చెప్పింది.

ఆ తల్లి మెల్లగా బిడ్డ మొహం మీంచి కొంగు తీసింది.