బోర్డు మీదికెక్కని పట్టీలు

"ఏందండీ ఇది! ఒక్క పెన్నుకు గూడ నలుగుట్ల నా పేరు సదువుతరా?"

అఖిల తలెత్తి చూసింది. ఎదురుగా టై కట్టుకున్న పిలగాడు, మల్లేశ్వర్. భుజాన నల్ల బ్యాగు, ముక్కు మీద కోపం.

"పెన్ను మీద మీ కంపెనీ పేరుంది గద," అంది మెల్లగా.

"ఉంటే?"

"కంపెనీ ఏమిచ్చినా బోర్డు మీదికెక్కుతది. ఈ దవాఖాన్ల గదే రివాజు."

"సిరా అయిపోతే పారేసే పెన్ను అది!"

"మరి ఇయ్యకుండ ఉండాల్సింది."

వెనక బెంచీ మీద ఈరమ్మ బోసినోటితో నవ్వింది. "పెన్ను సారుకు గుస్సొచ్చింది బిడ్డా!"

హాలంతా గొల్లుమంది. మల్లేశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నుంచి శంషాబాద్‌లో మందుల కంపెనీల తరఫున తిరిగే మెడికల్ రెప్‌లందరికీ అతను పెన్ను సారే.

ప్రేమలత డాక్టరమ్మ షుగరు దవాఖాన బస్టాండు వెనక సందులో ఉంది. ఆమెది గుంటూరు వైపు. ఒకసారి ఒక రైతు మందుల చీటీనీ, ఆమె బల్ల మీది క్యాలెండరునీ మార్చి మార్చి చూసి, "రెండిట్ల ఒకటే కంపెనీ పేరుంది. ఈ మందు నా కోసం రాసినవా డాక్టరమ్మా, క్యాలెండరు కోసం రాసినవా?" అని అడిగాడట. ఆ మాట ఆమెకు చాలా రోజులు గుచ్చుకుంది. ఎవరూ అడగకుండానే వెయిటింగ్ హాల్లో తెల్ల బోర్డొకటి పెట్టించింది. ఏ కంపెనీ ఏమిచ్చినా, గోడ గడియారమైనా గోవాలో మీటింగుకు విమానం టికెట్టయినా, అందరికీ కనబడేట్టు దాని మీద రాయాల్సిందే. తనకిచ్చినా, నర్సుకిచ్చినా, గేటు దగ్గర వాచ్‌మన్‌కిచ్చినా.

"చదువు రానోళ్ళు ఎట్ల తెలుసుకుంటరు మేడం?" అని అఖిల అక్కడ పనికి చేరిన కొత్తలో అడిగింది.

"నిజమే. అయితే నువ్వే చదివి వినిపించమ్మా," అంది డాక్టరమ్మ.

ఊరికే ఉండక అడిగినందుకు అదో పని మెడకు చుట్టుకుంది. అఖిలది తొండుపల్లి. బళ్ళో పొద్దున ప్రార్థన దగ్గర వార్తలు చదివే పిల్ల. ఊరి పక్కనే విమానాలు ఎక్కేవీ దిగేవీ కాబట్టి, మోత వచ్చినప్పుడు వాక్యం మధ్యలో ఆగడం, మోత పోయాక మళ్ళీ అందుకోవడం ఆ ఊరి పిల్లలందరికీ అలవాటు. దవాఖానలోనూ అంతే. సోమవారం పొద్దున ఆమె బోర్డు చదువుతుంటే నెత్తి మీదుగా విమానం పోతుంది. హాలంతా నోళ్ళు మూసుకుని కూర్చుంటుంది. మోత తగ్గాక, "ఊఁ, సదువు బిడ్డా," అంటుంది ఈరమ్మ.

ఆ పెన్ను తర్వాత మల్లేశ్వర్ ఆమెకు చాన్నాళ్ళు ఇంకేమీ ఇవ్వలేదు. ఒక సాయంత్రం వాన పట్టుకుంది. అఖిల గేటు దగ్గర నిలబడి రోడ్డు మీద నీళ్ళను చూస్తుంటే పక్కన గొడుగు తెరుచుకుంది.

"బస్టాండు దాంక వస్తవా? లేకపోతే గొడుగు నీడ గూడ బోర్డు మీద రాస్తవా?"

"గొడుగు మీద కంపెనీ పేరుంది."

అతను తల పైకెత్తి చూశాడు. ఉంది, బారెడు అక్షరాలతో. అతను గొడుగు మూసేశాడు.

"ఇగ నడుద్దామా?"

ఇద్దరూ తడుస్తూ నడిచారు. బస్టాండు చేరేసరికి అతని టై నుంచి నీళ్ళు కారుతున్నాయి. అఖిలకు నవ్వు ఆగలేదు. ఎవరైనా చూస్తారేమోనని చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. అతను మాత్రం చూడనట్టు నటిస్తూ చూశాడు.

మల్లేశ్వర్‌ది తుక్కుగూడ. తండ్రి లేడు. తల్లి రేణుకమ్మ కూరగాయలు అమ్ముతుంది. ఇవన్నీ ఒక్కొక్కటే, రోగులందరూ వెళ్ళిపోయాక రెప్‌లు డాక్టరమ్మ పిలుపు కోసం నిలబడే ఆ కాస్త సమయంలో అఖిలకు తెలిశాయి.

ఎండలు ముదిరాక ఒకరోజు అతను కాగితంలో చుట్టిన పొట్లం ఆమె చేతిలో పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. విప్పితే వెండి పట్టీలు.

ఆ క్షణంలో ఆమెకు కలిగింది సంతోషమే. భయం దాని వెనకే వచ్చింది.

ఇవి బోర్డు మీదికెక్కాలా? ఎక్కితే తనే చదవాలి. 'అఖిలకు, మల్లేశ్వర్, వెండి పట్టీలు' అని హాలు నిండా జనం ముందర. ఆ జనంలో ప్రతి సోమవారం షుగరు చూపించుకోను వచ్చే ఆమె తండ్రి కుర్మయ్య ఉంటాడు. ప్రేమించిన సంగతి ఇంట్లో చెప్పడానికే ధైర్యం లేని పిల్ల, ఊరందరికీ చదివి వినిపించాలి!

అందుకని చెప్పలేదు. పట్టీలు మాత్రం పెట్టుకోకుండా ఉండలేకపోయింది. మువ్వలు మోగకుండా గాయాలకు వేసే ప్లాస్టరు చుట్టి, సల్వారు కింద దాచుకుంది. వరండాలో ఎక్కడ స్టీలు గిన్నె మోగినా ముందు తన కాళ్ళ వైపు చూసుకునేది.

అయినా అసలు భయం ఇంకో దారిన వచ్చింది.

ఇంట్లో రక్తంలో షుగరు చూసుకునే చిన్న మిషను ఎట్లా వాడాలో కొత్త రోగులకు నేర్పేది అఖిలే. బల్ల మీద రకరకాల కంపెనీల మిషన్లు ఉంటాయి. ఒకరోజు ఈరమ్మ వాటి ముందు కూర్చుని, "వీటిల్ల ఏది మంచిదే బిడ్డా?" అని అడిగింది.

"ఇది తీస్కో అవ్వా."

అనేశాక చూసింది. వేలు మల్లేశ్వర్ కంపెనీ మిషను మీద ఉంది.

ఈరమ్మ మారు మాట్లాడలేదు. కొంగు ముడి విప్పింది, కొనుక్కుంది, వెళ్ళిపోయింది. అఖిల ఆ వేలి వైపు చూస్తూ ఉండిపోయింది. అది మంచి మిషనని చూపించిందా? పట్టీల వల్ల చూపించిందా? ఎంత వెతుక్కున్నా లోపల జవాబు దొరకలేదు. తన నోటిని తానే నమ్మలేకపోవడం ఇంత భయంగా ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు.

దాని మీద ఇంకొకటి పడింది. కిటికీ అవతల రెప్‌లు నవ్వుకుంటున్నారు. హరిప్రసాద్ అనే సీనియర్ గొంతు.

"పెన్ను సారు మా అందరికన్న హుషారు. డాక్టరమ్మకు ఇస్తే బోర్డు మీదికెక్కుతది. పిల్లకిస్తే ఎక్కదు. మిషన్లు అమ్మేది పిల్లనే గద!"

అఖిలకు ఆ మాటలన్నీ వినబడ్డాయి. వానలో మూసిన గొడుగు గుర్తొచ్చింది. అది కూడా అమ్మకంలో భాగమేనా?

ఆ శనివారం సాయంత్రం తొండుపల్లి దగ్గర చాయ్ బండి పక్కన మల్లేశ్వర్‌ను నిలదీసింది.

"నిజం చెప్పు. పట్టీలు నాకిచ్చినవా, ఆ మిషన్ల బల్లకిచ్చినవా?"

అతని చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఎవడన్నడు గట్ల?"

"ఎవరన్నా అననీ. ఈరమ్మవ్వకు మీ మిషనే చూపించిన. ఎందుకు చూపించిన్నో నాకే తెల్వది. సోమారం బోర్డు మీద రాస్త. సదువుత."

"పాగలైనవా?" అతని మొహం పాలిపోయింది. "దవాఖాన మనిషికి వెండి వస్తువిచ్చిండని కంపెనీల తెలిస్తే నన్నుంచుతరా? నీ నౌకరి ఉంటదా? మీ బాపుకు గిట్లనా తెల్వాలె? జర ఆగు అఖిలా. ప్రేమకు బోర్డెందుకు?"

"నువ్వు పరేషాన్ అయ్యేది నా కోసమా, నౌకరి కోసమా?"

అతను జవాబు చెప్పబోయాడు. అంతలో నెత్తి మీద విమానం. ఇద్దరూ అలవాటుగా ఆగారు. మోత తగ్గాక మల్లేశ్వర్ నోరు తెరవలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు. అఖిల తాగని చాయ్ బండి మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆదివారమంతా అతని ఫోన్ రాలేదు. ఆమె చేయలేదు. అన్నం సగంలో వదిలి లేచింది. "ఏందే బిడ్డా, ఒంట్ల బాగలేదా?" అని కుర్మయ్య అడిగితే, ఆ గొంతులోని ప్రేమకే ఇంకా భయం వేసింది. రేపు ఈ గొంతు ఇట్లాగే ఉంటుందా?

సోమవారం హాలు నిండిపోయింది. ముందు బెంచీలో ఈరమ్మ. ఆమె పక్కనే కుర్మయ్య, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ. గోడ వారన రెప్‌లు వరసగా నిలబడ్డారు. టైలు, నల్ల బ్యాగులు. అఖిల ఒక్కొక్క మొహమే చూసుకుంటూ పోయింది. మల్లేశ్వర్ లేడు.

రాలేదు. అంతే, జవాబు దొరికింది. బోర్డు మీద చివరి వరస ఆమె పొద్దున్నే వచ్చి రాసింది. డాక్టరమ్మ ఇంకా చూడలేదు. చేత్తో ఒక్కసారి తుడిస్తే పోతుంది.

"సదువు బిడ్డా," అంది ఈరమ్మ.

అఖిల మొదలుపెట్టింది. డాక్టరు గారికి గోడ గడియారం. డాక్టరు గారికి వైజాగ్ మీటింగుకు హోటలు గది, పోలేదు. వాచ్‌మన్ చెన్నయ్యకు టోపీ.

"గా టోపీ నాకియ్యి చెన్నయ్యా!" అన్నారెవరో. నవ్వులు.

ఇంక మిగిలింది ఒక్కటే వరస. సరిగ్గా అప్పుడే దూరం నుంచి విమానం మోత మొదలైంది. తొండుపల్లి పిల్ల ఆగాలి. ఆగలేదు. మోత హాలును నింపేసినప్పుడు పెదాలు కదిలించింది. "అఖిలకు, మల్లేశ్వర్, వెండి పట్టీలు."

ఎవరికీ వినబడలేదు. చదివేసింది. చదవడమే కదా రివాజు! ఊపిరి వదిలి బోర్డు వైపు నుంచి తిరిగింది.

"ఆగు బిడ్డా." ఈరమ్మ చెయ్యెత్తింది. "కడమాటకు నువ్వు ఆగకుండ సదివినవ్. ఎప్పుడు గట్ల చెయ్యవు గద. మల్ల సదువు."

హాలంతా ఆమె వైపు తిరిగింది. గది గుమ్మంలో డాక్టరమ్మ కూడా వచ్చి నిలబడింది. అఖిలకు ఈరమ్మ ఒడిలోని మిషను డబ్బా కనబడింది. అవ్వ దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది, మారు మాట్లాడకుండా నమ్మి కొనుక్కున్న డబ్బాను.

"అఖిలకు..." ఆగింది. మళ్ళీ అందుకుంది. "అఖిలకు, మల్లేశ్వర్, వెండి పట్టీలు."

ఆమె తండ్రి వైపు చూడలేదు.

"ఈరమ్మవ్వా, నీకు చూపించిన మిషను ఆయన కంపెనీదే. మంచిదనే చూపించిన్నో, పట్టీల వల్ల చూపించిన్నో నాకు తెల్వది. గదే నా భయం."

"ఏ మల్లేశ్వర్?" అన్నాడు కుర్మయ్య. మెల్లగానే అన్నాడు.

"నేనే."

గొంతు రెప్‌ల దగ్గర్నుంచి రాలేదు. రోగుల బెంచీలో, చివరన, మామూలు చొక్కా వేసుకున్న పిలగాడు లేచాడు. టై లేదు. బ్యాగు లేదు. అందుకే ఆమె కళ్ళకు ఆనలేదు.

"కంపెనీ పైసలు కావు, నా జీతంల కొన్న. గీ దవాఖాన నాకొద్దని నిన్న మేనేజర్ ఇంటికి పోయి చెప్పిన. ఎందుకో గూడ చెప్పిన. బడంగ్‌పేట్ దిక్కు ఏస్తరట. ఏస్తరో తీస్తరో ఇంక తెల్వది." అతను అఖిల వైపు చూశాడు. "శనారం భయపడ్డ. నీ కోసం, నౌకరి కోసం, రెండిటి కోసం భయపడ్డ. ఏది ఎక్కువనో ఇంటికి పోయినంక తెలిసింది."

హరిప్రసాద్ కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది. "ఇంత ఆలస్యంగానా చెప్పడం అఖిలా? ఇవాళ్టి నుంచి మిషన్ల బల్ల దగ్గర నువ్వు కూర్చోవద్దు. ఈరమ్మగారూ, మీ మిషను నేను మళ్ళీ పరీక్షించి చెబుతాను, నచ్చకపోతే మార్చుకుందురు." ఒక్క క్షణం ఆగింది. "బోర్డు మాత్రం నువ్వే చదవాలి."

అఖిల తల ఊపింది. ఉద్యోగం ఉంది. ఇంక మిగిలింది ముందు బెంచీ.

కుర్మయ్య లేచాడు. తువ్వాల భుజాన వేసుకున్నాడు. పిలగాణ్ణి కింది నుంచి పై దాకా చూశాడు, సంతలో ఎద్దును చూసినట్టు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"మిషను సంగతి డాక్టరమ్మ చెప్తది. గీ పిలగాని సంగతి ఎవర్ని అడగాలె?"

"నన్నే అడుగు బాపు," అంది అఖిల. "మంచోడు. కాని నా మాట నమ్మకు. నాకు పట్టీలిచ్చిండు గద."

ఎవరో కిసుక్కుమన్నారు. కుర్మయ్య మీసం కింద ఏదో కదిలింది. కోపమో, నవ్వో పోల్చుకునేలోపు ఇంకో విమానం వచ్చి పడింది. ఆయన ఆగలేదు. మోతలోనే ఏదో అన్నాడు. ఒక్క ముక్క వినబడలేదు. అఖిల ఆ పెదాలనే చూస్తూ ఉండిపోయింది. మల్లేశ్వర్ బెంచీ అంచు పట్టుకున్నాడు. మోత ఊరు దాటి పోయేదాకా హాల్లో ఎవరూ కదల్లేదు.

"మల్ల చెప్పు కుర్మయ్యా," అంది ఈరమ్మ. "మీ తండ్రీబిడ్డలకు ఇయ్యాల ఇదే పనైంది."

"ఐతారం తల్లిని తోల్కొని ఇంటికి రమ్మను అంటున్న," అన్నాడు కుర్మయ్య గట్టిగా. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి మల్లేశ్వర్ వైపు వేలు చూపించాడు. "ఒట్టి చేతులతోని రావాలె!"